బ్రాహ్మణ వీధి ఇంట్లోంచి టేకు బీరువా బయటికి రావడం లేదు, కోయకుండా దారుందా?

వన్‌టౌన్ ఆడపడుచు

అందరికీ నమస్కారం. విషయం చిన్నదే, కానీ వారం రోజులుగా మా ఇంటిల్లిపాదికీ ఇదే టెన్షన్.

విజయవాడ వన్‌టౌన్ బ్రాహ్మణ వీధిలో మా పాత ఇంటి వాటా అమ్మేశాం. నెలాఖరుకి ఖాళీ చేసి తాళాలివ్వాలి. అమ్మ గుంటూరు బ్రాడీపేటలో మా ఫ్లాటుకి వచ్చేస్తోంది. గిన్నెలు, మంచాలు, కుండీలు అన్నీ వెళ్ళిపోయాయి. మిగిలింది ఒక్క టేకు బీరువా. 1971లో అమ్మ పెళ్ళికి సారెతో పాటు నూజివీడు నుంచి వచ్చింది. రెండు తలుపులు, అందులో ఒకదానికి నిలువుటద్దం, పైన చెక్కిన కిరీటం, కింద పీఠం.

వచ్చినప్పుడు ఏ ఇబ్బందీ లేదట. అప్పట్లో గది గుమ్మానికి ఎదురుగా పెద్ద హాలు. బీరువాని పక్కకి పడుకోబెట్టి తిన్నగా లోపలికి తోసేశారు. 1994లో నాన్న, బాబాయి వాటాలు పంచుకున్నప్పుడు ఆ హాలు మధ్యలో గోడ లేచింది. ఇప్పుడు గది గుమ్మం దాటగానే ఎదురుగా గోడే. గుమ్మానికీ గోడకీ మధ్య మిగిలిన నడవా 30 అంగుళాలు. అందులో కుడికి తిరిగి పదిహేను అడుగులు నడిస్తే వీధి గుమ్మం.

గోడ కొంచెం తీయిద్దామంటే అది బాబాయి వాళ్ళ వాటాలోది. బాబాయి పోయారు, పిన్ని ఉంది. అడిగాను. "ముప్పై ఏళ్ళ గోడే అది, ఒక్క ఇటుక కదిలినా నా దేవుడి అలమర బీటలు వారుతుంది" అంది. పిన్నిని తప్పు పట్టను. గోడకి అటువైపు నిజంగానే దేవుడి అలమర ఉంది.

కొలతలు అన్నీ అంగుళాల్లో. బీరువా ఎత్తు 78, వెడల్పు 48, లోతు 22. గది గుమ్మం ద్వారబంధం లోపల వెడల్పు 33, గడప మీంచి పై చెక్క దాకా ఎత్తు 69. పాత ఇళ్ళ గుమ్మాలు తెలుసు కదా, మా ఆయన అత్తారింటికి వచ్చిన ప్రతిసారీ నుదురు కొట్టుకునేవారు.

మొన్న ఇల్లు మార్చే వాళ్ళు ముగ్గురు వచ్చి, అరగంట చూసి, టీ తాగి, "మేడం, మధ్యకి కోసేసి అక్కడికెళ్ళాక బిగించేద్దాం" అన్నారు. అమ్మ ఏమీ అనలేదు. లేచి వెళ్ళి బీరువాకి వీపు ఆనించి కూర్చుంది. వాళ్ళ చేతిలో ఓ రెండొందలు పెట్టి పంపేశాను.

రంపం పెట్టకుండా, పిన్ని గోడ ముట్టుకోకుండా దారి ఉందా? ఇలాంటి పని చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

తేలిగ్గా తీసుకో

ఇప్పుడు ఫ్లాట్లలో కప్‌బోర్డులు గోడలోనే ఉంటాయి కదండీ. పాత చెక్క కొనేవాళ్ళకి ఇచ్చేస్తే టేకుకి మంచి రేటు వస్తుంది. ఎలాగూ వాళ్ళే విప్పి పట్టుకుపోతారు. మీకు శ్రమ లేదు, అమ్మగారికి కొత్త బీరువా వస్తుంది.

సింగ్‌నగర్ వాసి

పైన రాసినాయన మా వీధికి వచ్చి ఉంటే ఆ మాట అనరు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి నీళ్ళు మా ఇంట్లో నడుం దాకా వచ్చాయి. అంతకు రెండేళ్ళ ముందు మోజుపడి చేయించుకున్న కప్‌బోర్డులు, పొట్టు నొక్కి చేసిన పలకలవి, నానిన అటుకుల్లా ఉబ్బిపోయాయి. చేత్తో పట్టుకుంటే ఊడివచ్చాయి. వాటిని బయటికి తేవడానికి గుమ్మం వెడల్పు చూసుకోవాల్సిన అవసరమే రాలేదు, పారతో ఎత్తి పోశాం. మా నాయనమ్మ టేకు పెట్టె మాత్రం బురద కడిగి, నీడలో నెల రోజులు ఆరబెడితే మళ్ళీ మూత పడుతోంది. కాస్త రంగు పోయిందంతే.

బీరువా ఎలా తీయాలో నాకు తెలియదు. అమ్మకండి అని చెప్పడానికే వచ్చాను.

సర్వే గొలుసు

నేను పాలిటెక్నిక్‌లో సివిల్ పాఠాలు చెబుతాను. మీరు కొలతలు శుభ్రంగా ఇచ్చారు కాబట్టి లెక్క కట్టాను.

ముందు ఒక మాట. బీరువాని పడుకోబెట్టి తిప్పే ఆలోచన వదిలేయండి. 78 అంగుళాల పొడవు ఆ మలుపులో తిరగాలంటే రెండు వైపులా 43 అంగుళాల దారి కావాలి. కాబట్టి నిలబెట్టే తిప్పాలి. అప్పుడు నేల మీద అది 48 బై 22 దీర్ఘచతురస్రం.

ఎల్ ఆకారపు మలుపుకి నేను పిల్లలకి చెప్పే మోటు సూత్రం ఇది. రెండు దారుల వెడల్పులూ కూడి 1.414తో గుణించండి. అందులోంచి వస్తువు లోతుకి రెట్టింపు తీసేయండి. మిగిలిన సంఖ్య కంటే వస్తువు వెడల్పు తక్కువ ఉంటే తిరుగుతుంది. రెండు దారులూ దాదాపు సమానంగా ఉన్నప్పుడే ఈ లెక్క సరిపోతుంది, మీవి 33, 30 కాబట్టి ఫరవాలేదు. మొత్తం 63, గుణిస్తే 89. లోతుకి రెట్టింపు 44 తీసేస్తే 45. మీ బీరువా 48. మూడు అంగుళాలు పట్టదు. తలుపులు తీసినా బయటి కొలత మారదు కాబట్టి లాభం లేదు.

పైగా నిలబెడితే ఎత్తు 78, గుమ్మం 69. బరువు కూడా తక్కువేం కాదు. పలకలన్నీ కలిపి తొమ్మిది ఘనపుటడుగుల దాకా చెక్క ఉంటుంది. టేకు ఘనపుటడుగుకి సుమారు 18 కిలోలు. అంటే 160 కిలోలు.

నా లెక్క ప్రకారం రాదండి. క్షమించాలి.

పాత రంపం

అమ్మా, నేను రాయలేను, చెబుతుంటే మా మనవడు కొడుతున్నాడు. నలభై ఏళ్ళు తెనాలి, గుంటూరు, బెజవాడల్లో చెక్కపని చేశాను.

లెక్కల మాస్టారు చెప్పింది తప్పు కాదు. కానీ నువ్వు కొలిచింది ఎక్కడ? కిరీటం అంచు దగ్గరా, ఒంటి దగ్గరా? ఆ రోజుల్లో బీరువా అంటే ఒకటి కాదు, మూడు వస్తువులు. కింద పీఠం, మధ్యలో ఒళ్ళు, పైన కిరీటం. కిరీటం, పీఠం అటూ ఇటూ రెండేసి అంగుళాలు, ముందుకో రెండు అంగుళాలు బయటికి వస్తాయి. వెనక గోడకి ఆనుతుంది కాబట్టి అటు ఏమీ ఉండదు. టేపు పట్టుకుని మళ్ళీ వెళ్ళు. కిరీటానికి నాలుగు వేళ్ళ కింద, తలుపు పక్కన కొలువు.

కిరీటం మేకులతో కొట్టి ఉండదు. చెక్క చీలల మీద కూర్చుని ఉంటుంది. ఇద్దరు మనుషులు స్టూళ్ళెక్కి, రెండు చివర్లా అరచేతులు పెట్టి, నిటారుగా పైకి లేపాలి. మెలిపెట్టకూడదు. వార్నీషు పట్టేసి ఉంటే సందులో పల్చటి చాకు తిప్పితే వదులుతుంది. అప్పటికీ రాలేదంటే తర్వాత ఎవడో మేకు కొట్టాడని. గుడ్డి మేకు ఎక్కడుందో వెతికి పీకించు, సుత్తితో కింది నుంచి బాదకండి.

తలుపులు విప్పేటప్పుడు బందుల మరలు ముందు కాస్త బిగించే వైపు తిప్పి, తర్వాత విప్పే వైపు తిప్పండి. తుప్పు వదులుతుంది. ఏ బందు మరలు ఆ బందుకే పొట్లం కట్టి పెట్టు, కలిపేస్తే మళ్ళీ పట్టవు. అరలు లాగేయండి. వెనక పలకలు మాత్రం విప్పొద్దు. తలుపులు పోయాక ఒంటిని నలుచదరంగా పట్టుకునేది అవే. ముందు వైపు తలుపుల చోట అడ్డంగా ఒక బద్ద కట్టు, లేకపోతే వాలిపోతుంది. బద్ద లోపలికి ఉండాలి. బయటికి కడితే మళ్ళీ అంగుళం పోతుంది.

వన్‌టౌన్ ఆడపడుచు

మేస్త్రి గారూ, మీ మనవడికి కూడా దండం. ఇప్పుడే కొలిచాను. ఒళ్ళు 44 వెడల్పు, 20 లోతు. కిరీటం 5 ఎత్తు, పీఠం 6. అంటే మధ్య భాగం 67 అంగుళాలే.

మాస్టారూ, ఇప్పుడు మీ సూత్రంలో వేస్తే 89 లోంచి 40 తీసేస్తే 49 వస్తోంది. బీరువా 44. నేను సరిగ్గానే వేశానా? పదో తరగతి తర్వాత ఇంత శ్రద్ధగా లెక్క చేయలేదు.

సర్వే గొలుసు

సరిగ్గా వేశారు. ఐదు అంగుళాలు మిగులుతోంది. మేస్త్రి గారికి నా నమస్కారాలు, కొలత ఎక్కడ తీశారని అడగకుండా లెక్క కట్టడం నా తప్పు. పిల్లలు ఇలా చేస్తే మార్కులు కోసేస్తాను.

అయినా కాగితం మీది లెక్కని నమ్మి మనుషుల్ని పిలవకండి. పాత గోడలు నిటారుగా ఉండవు. ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె దొరికితే సరిగ్గా 44 బై 20 ముక్క కోయండి. దాన్ని నేల మీద జరుపుతూ గుమ్మంలోంచి నడవాలోకి తిప్పి చూడండి. అట్ట తిరిగితే బీరువా తిరుగుతుంది. అయితే కింద ఎంత సందు ఉందో మనిషి ఎత్తులో కూడా అంతే ఉందో లేదో టేపుతో చూసుకోండి.

టిక్కీ మోత

మా నాన్న గుంటూరు మిర్చి యార్డులో హమాలీ. నేనూ డిగ్రీ అయ్యే దాకా సెలవుల్లో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, మోశాను. నలభై కిలోల పైన ఉండే టిక్కీని ఒక్కడే వీపున వేసుకుని పోయేవాళ్ళని చూస్తే బరువు అసలు సమస్యే కాదని తెలుస్తుంది. చెయ్యి పెట్టే చోటు లేకపోవడమే సమస్య. మీ నడవా 30, బీరువా లోతు 20. పక్కన మనిషి దూరడు. ముందొకరు, వెనకొకరే పట్టాలి.

అందుకని మలుపులో ఎత్తొద్దు, జరపండి. మీకు అడ్డం గడప. గడపకి ఇటు గదిలో, అటు నడవాలో సెంట్రింగ్ పలకలు పేర్చి, గడప ఎత్తుకి సమానం చేయండి. కదలకుండా ఉండాలి, గుడ్డ ముక్కలు దోపండి. దాని మీద పాత దుప్పటి. బీరువా దుప్పటి మీద నిలబడితే ఒక మనిషి దుప్పటి లాగుతాడు, ఒకడు వెనక నుంచి తోస్తాడు, ఒకడు పైభాగం వాలకుండా చూస్తాడు. ఎత్తు రెండు అంగుళాలే మిగులుతోంది కాబట్టి మందపాటి పరుపులాంటివి వేయకండి.

కుడికి తిరగాలి కదా, ముందు ఎడమ వైపు ద్వారబంధానికి ఆనించుకుంటూ రండి. పొడుగు బస్సు మలుపు తిరిగేటప్పుడు చూడండి, అటు వెళ్ళే ఇటు తిరుగుతుంది. కుడి మూలకి దగ్గరగా వస్తే పొట్ట తగులుతుంది.

గుంటూరులో మెట్లెక్కించేటప్పుడు ఒకటే మాట. బరువంతా కింది మెట్టు మీదున్నవాడిదే. గట్టివాడిని కింద పెట్టండి. "ఆగు" అంటే అందరూ ఆగాలి. ఆ మాట ఒక్కరే అనాలి.

వన్‌టౌన్ ఆడపడుచు

వచ్చేసింది! అద్దం పగల్లేదు, గోడ పడలేదు. వివరంగా రాస్తాను, రేపు ఇంకెవరికైనా పనికొస్తుంది.

ముందు అట్ట. ఎదురింటి వాళ్ళ ఫ్రిజ్ పెట్టె అడిగి తెచ్చి కోశాం. మొదటిసారి మా ఆయన జరిపితే ఇరుక్కుంది. నా గుండె జారింది. తర్వాత బస్సు మాట గుర్తొచ్చి ఎడమకి ఆనించి తిప్పితే చక్కగా వెళ్ళింది. అలా నాలుగుసార్లు. మా అమ్మ మంచం మీద కూర్చుని "ఈ బొమ్మలాట అయ్యాక అసలుది కూడా లాగుతారా?" అంది.

మంగళవారం ఖాళీ ఉంది, వస్తామని హమాలీలు అన్నారు, అమ్మ ఒప్పుకోలేదు. బుధవారం తెల్లవారుజామున 5కి రమ్మన్నాం. ఎనిమిది దాటితే వన్‌టౌన్‌లో బండి ఆపే చోటు దొరకదు. నలుగురు మనుషులు, వీధి చివరి వడ్రంగి ఒకాయన.

కిరీటం లేవలేదు. చాకు తిప్పాం, అయినా లేవలేదు. మేస్త్రి గారు చెప్పినట్టే ఎడమ చివర రంగు కింద రెండు మేకులు కనబడ్డాయి. అప్పుడు అమ్మ నెమ్మదిగా చెప్పింది, వాటాల గోడ కట్టినప్పుడు అదురుకి కిరీటం కదులుతోందని నాన్నే కొట్టారట. అవి పీకడానికి ముప్పావు గంట పట్టింది. తర్వాత ఇద్దరు లేపితే కుండ మీద మూత తీసినట్టు వచ్చేసింది. దాని అడుగున, ఒంటి పైఅంచున ఉలితో కొట్టిన గీతలున్నాయి. ఎడమ చీల దగ్గర ఒక గీత, కుడి దగ్గర రెండు, వెనక మూడు. ఏది ఎక్కడ కూర్చోవాలో ఆ చేసినాయన గుర్తు పెట్టుకున్నాడు. మా వడ్రంగి వాటిని చూసి కాసేపు వేలితో తడిమాడు.

పీఠం మీంచి ఒంటిని దించడానికి నలుగురూ కావాల్సి వచ్చింది. పలకలు, దుప్పటి అన్నీ చెప్పినట్టే. గడప తొక్కకూడదని అమ్మ దాని మీద గోనె మడిచి వేయబోయింది, అర అంగుళం పోతుందమ్మా అని తీయించాను. బదులుగా పసుపు రాసింది.

మలుపు దగ్గర నేను ఊహించనిది ఒకటి జరిగింది. పిన్ని వాళ్ళ వైపు గోడకి పైన చిన్న గవాక్షం ఉంది. సగం తిరిగాక పైనుంచి "ఎడమకి, ఇంకా ఎడమకి, వెనకాయన ఆగాలి" అని కేక. చూస్తే పిన్ని, స్టూలెక్కి. పైనుంచి ఆమెకి మా కంటే బాగా కనబడుతోంది. "ఆగు" అనే మాట ఒక్కరే అనాలన్నారు కదా, ఆ ఒక్కరూ పిన్నే అయిపోయింది. గోడకి బొటనవేలంత సున్నం ఊడింది. అది నాకు తెలుసు, పిన్నికీ తెలుసు, ఎవరం మాట్లాడలేదు.

మొత్తం మలుపు తిరగడానికి పట్టింది పన్నెండు నిమిషాలు. వారం రోజులు ఏడిచింది దీని కోసమా అనిపించింది.

అద్దాన్ని బండిలో వేయనివ్వలేదు అమ్మ. తలుపు నుంచి విప్పించి, రెండు చీరలు చుట్టి, కారు వెనక సీట్లో ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వారధి దాటాక మంగళగిరి దాకా చెయ్యి తీయలేదు.

బ్రాడీపేటలో మాది రెండో అంతస్తు. లిఫ్టు మీద 6 మంది, 408 కిలోలు అని ఉంది. బరువుకి భయం లేదు కానీ ఒళ్ళు అందులో పట్టలేదు, మెట్ల మీదే ఎక్కించారు. మెట్లు వెడల్పే, పెద్ద కథ లేదు. గదిలో అటక కింద 84 అంగుళాలు ఉంది, బీరువా 78. పీఠం, ఒళ్ళు, కిరీటం వరసగా పేర్చడమే కాబట్టి వాల్చి లేపాల్సిన పని పడలేదు.

ఖర్చు కూడా రాస్తున్నా. నలుగురికి 4,000, బండికి 2,500, వడ్రంగికి రెండు చోట్లా కలిపి 1,800. పిన్ని గోడకి సున్నం నేనే వేయిస్తాను.

ఒకటే మిగిలింది. అద్దం ఉన్న తలుపు సగం దాకా వచ్చి ఆగుతోంది. పై మూల కిందికి దిగినట్టుంది. చిత్రిక పట్టించాలా?

పాత రంపం

చిత్రిక పట్టొద్దు తల్లీ! తలుపు పెరగలేదు, నీ నేల వాలుగా ఉంది. గ్లాసులో నీళ్ళు పోసి బీరువా పీఠం మీద పెట్టి చూడు, ఏ వైపు వాలిందో తెలుస్తుంది. దిగిన మూల కింద సన్న చెక్క ముక్క దోపు. పల్చగా మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పెంచు. తలుపు దానంతటదే చోటుకి వస్తుంది. రెండు వారాలు బరువు పెట్టకు.

వన్‌టౌన్ ఆడపడుచు

దిగింది ముందు వైపు కుడి మూల. పెళ్ళి శుభలేఖ అట్ట నాలుగు మడతలు పెడితే తలుపు పడింది, తాళం కూడా తిరుగుతోంది. రేపు చెక్క ముక్క చేయిస్తాను. బరువు పెట్టొద్దన్నారని చెప్పేలోపే అమ్మ పట్టుచీరలన్నీ సర్దేసి, తాళంచెవి బొడ్డున దోపుకుంది.